ఆకలి దానిది

కొత్తగా ఇంటికి వచ్చిన ప్రాణి మొదటి రాత్రి ఏమీ ముట్టకపోతే మన ఇళ్లలో ఎవరికీ నిద్ర పట్టదు. సంతలో కొని తోలుకొచ్చిన గేదె కుడితి తొట్టి వైపు చూడకపోతే రైతు కొట్టం పక్కనే మంచం వాల్చుకుంటాడు. కుక్కపిల్ల పాలు తాగకపోతే పిల్లలు వేలు ముంచి దాని మూతికి రాస్తారు. పెళ్లయి వచ్చిన కోడలు నాలుగు మెతుకులు కతికి లేచిపోతే అత్తగారు ఆ పూట వండినవన్నీ తనే ఒకసారి రుచి చూసుకుంటుంది. పెట్టడం, పెట్టినది తింటుంటే కళ్లారా చూడటం. ప్రేమకు మనం ముందుగా ఎరిగిన రూపం అదే. ఆ రూపం ఏమాత్రం పనికిరాని ప్రాణి ఒకటి కిందటి అక్టోబరులో మా అమ్మాయి వాళ్లింటికి వచ్చింది. పాము.

మా అమ్మాయి వాళ్లు ఉండేది షికాగో శివార్లలోని నేపర్‌విల్‌లో. హైస్కూల్లో చదువుతున్న మనవడికి చిన్నప్పటి నుంచీ పాకే ప్రాణులంటే మోజు. అమ్మానాన్నలతో నెలల తరబడి రాయబారాలు నడిపి, మార్కులకూ ఇంటిపనికీ సంబంధించిన షరతులన్నీ ఒప్పుకుని, టిన్లీ పార్క్‌లో జరిగే సరీసృపాల మేళాకు వెళ్లి బాల్ పైథాన్ పిల్లను తెచ్చుకున్నాడు. మూరెడు పొడవు, నా బొటనవేలంత లావు. నల్లటి ఒంటి మీద తేనెరంగు మచ్చలు. రాజు అని పేరు పెట్టాడు. ఫోన్లో మా చెల్లెలికి చెబితే, "ఇక్కడైతే ఫారెస్టు వాళ్లొచ్చి పట్టుకుపోతారక్కా" అంది. నిజమే. మన దగ్గర నాగుపామైనా జెర్రిపోతైనా కొండచిలువైనా ఇంట్లో పెంచుకుంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఇలాంటి విదేశీ జాతిని ఉంచుకోవాలన్నా ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. అమెరికాలో ఈ జాతి మీద చాలా రాష్ట్రాల్లో అడ్డు లేదు. హవాయిలో మాత్రం ఏ పామునూ పెంచనివ్వరు.

పైథాన్ అనగానే నాకు మేకను మింగి కదల్లేక పడివున్న కొండచిలువ ఫొటో కళ్లముందు మెదిలింది. ఇది ఆ కొలతలది కాదు. ఘనా, టోగో, బెనిన్ దేశాల గడ్డిమైదానాలు దీని పుట్టిల్లు. నిండా పెరిగినా నాలుగైదు అడుగులు మించడం అరుదు. విషం లేదు. భయం వేస్తే తలను చుట్టల నడుమకు తోసేసి గుండ్రంగా ముడుచుకుపోతుంది. పేరులో ఉన్న ఆ 'బాల్' అక్కడి నుంచి వచ్చిందే. పగలంతా ఎలుక బొరియల్లోనో చెదపుట్టల్లోనో పడుకుని, చీకటి పడ్డాక బయటికి వస్తుంది. పుట్ట అనేసరికి నాకు మా ఊరి చెరువుగట్టు గుర్తొచ్చింది. సముద్రాల అవతలి పాము ఒక్కసారిగా చుట్టం వరస అయింది.

తెచ్చిన సాయంత్రం మేమంతా చూడాలని గదిలోకి వెళ్లాం. మనవడు మమ్మల్ని గుమ్మం దగ్గరే ఆపేశాడు. "వారం దాకా ఎవరూ ముట్టుకోకూడదు అమ్మమ్మా. ఊరికే వచ్చి తొంగి చూడకూడదు కూడా." గాజు తొట్టికి మూడు వైపులా నల్ల కాగితం అంటించాడు. లోపల రెండు గూళ్లు పెట్టాడు, వెచ్చని మూల ఒకటి, చల్లని మూల ఒకటి. రెండూ ఇరుకుగానే ఉన్నాయి. పాపం ఒళ్లు ఇరుక్కుపోదా అన్నాను. ఒంటికి నాలుగు వైపులా గోడ తగిలితేనే దానికి ధైర్యమట. మనం విశాలంగా ఉండాలని ఇల్లు కొనుక్కుంటాం, అది తన వీపుకు తగిలే కప్పు కోసం వెతుక్కుంటుంది. పెద్ద తొట్టిలో బోలెడంత ఖాళీ వదిలితే పిల్లపాము బెదిరి తిండి మానేస్తుందని పెంచేవాళ్లందరూ చెప్పేదే. అయితే ఖాళీ ఉండకూడదని కాదు. ఎండుటాకులు, బెరడు ముక్కలు, ప్లాస్టిక్ తీగలు పరిచి, ఈ గూటి నుంచి ఆ గూటికి ఎవరి కంటా పడకుండా పాకే దారి ఉంచితే పెద్ద తొట్టయినా పర్వాలేదు.

రెండు గూళ్లు ఎందుకన్నది నాకు ఆలస్యంగా అర్థమైంది. పాముకు ఒంట్లో పొయ్యి లేదు. మనం తిన్నదాంట్లో ఎక్కువ భాగం ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికే ఖర్చవుతుంది. అది వేడిని బయటి నుంచి అరువు తెచ్చుకుంటుంది. తొట్టికి ఒక వైపు 32 డిగ్రీల సెల్సియస్ దాకా, రెండో వైపు 26 దగ్గర ఉంటే, ఎప్పుడు ఎంత కావాలో అదే అటూ ఇటూ జరిగి తీసుకుంటుంది. వేడి చాలకపోతే మింగినది అరగదు. కడుపులోనే కుళ్లుతుంది, లేదా కక్కేస్తుంది. కక్కిన పాముకు మళ్లీ తిండి పెట్టేముందు కనీసం రెండు వారాలు కడుపుకు విరామం ఇవ్వాలి. అందుకే దానికి ఆకలి కడుపులో కన్నా ముందు ఒంటి వెచ్చదనంలో మొదలవుతుంది. వెచ్చగా, చీకటిగా, భద్రంగా ఉన్నాననుకుంటే ఆకలి గుర్తొస్తుంది. ఆ మూడింటిలో ఏది లోపించినా ముందర పంచభక్ష్యాలు పెట్టినా తల తిప్పుకుంటుంది. ఆలోచిస్తే మనుషుల సంగతి కూడా ఇంతకన్నా పెద్ద తేడాగా ఏమీ లేదు. కాకపోతే మనం మొహమాటానికైనా తింటాం.

వారం గడిచాక మొదటి తిండి. దీని గురించి చెప్పేముందు నా సంగతి ఒకటి చెప్పాలి. మాది ఉల్లిపాయ కూడా కొన్ని రోజుల్లో తినని ఇల్లు. అలాంటి ఇంటి గరాజులో చిన్న ఫ్రీజర్ వెలిసింది. అందులో సంచుల్లో గడ్డకట్టిన ఎలుకపిల్లలు. వంటింటి ఫ్రిజ్‌లో పెట్టకూడదన్న నియమం మా అమ్మాయిది. మడి కోసం అనుకున్నాను. కాదు, సాల్మొనెల్లా కోసం. సరీసృపాలు ఆ సూక్ష్మజీవిని మోస్తుంటాయి, వాటికి ఏ జబ్బూ చెయ్యదు, మనకు చేస్తుంది. అయిదేళ్లలోపు పిల్లలూ అరవై అయిదు దాటిన పెద్దలూ మరీ జాగ్రత్తగా ఉండాలి. రెండో జాబితాలో ఉన్నది ఆ ఇంట్లో నేనొక్కదాన్నే. కనుక ఆ గదిలోంచి బయటికొచ్చిన ప్రతిసారీ చేతులు కడుక్కోమని నా మీద పహరా.

ఎలుకను రాత్రంతా చల్లటి పెట్టెలో ఉంచి మంచు విడవనిస్తాడు. సాయంత్రం సంచిలో పెట్టి వేడినీళ్లలో ముంచుతాడు. మైక్రోవేవ్‌లో పెట్టకూడదు, లోపల ఉడికిపోయి పైకి చల్లగా ఉంటుంది, పొట్ట పగలవచ్చు కూడా. బతికివున్న ఎలుక ఒంటి వేడి ఎంతో అంతకు రావాలి, ముఖ్యంగా తల వెచ్చగా ఉండాలి. ఎందుకంటే రాజు పెదవుల వెంట వరసగా చిన్న చిన్న గుంటలున్నాయి. వాటితో అది చీకట్లో వేడిని పసిగడుతుంది. చల్లగా ఉన్న ఎలుక దానికి ఎలుకలా తోచదు. పరిమాణం కూడా లెక్కే: పాము ఒంట్లో అన్నిటికన్నా లావైన చోటు ఎంతుందో ఎలుక అంతకు మించకూడదు. దీపాలు తగ్గించి, పొడవాటి పటకారుతో తోక పట్టుకుని గూటి ముందు మెల్లగా ఆడించాడు. రాజు తల బయటపెట్టింది. నాలుక రెండుసార్లు చాపింది. తల లోపలికి తీసుకుంది.

అంతే. తినలేదు. వారం ఆగి మళ్లీ పెట్టాడు. తినలేదు.

ఆ రోజుల్లో ఆ ఇంట్లో నేను గమనించింది పామును కాదు, మమ్మల్ని. మా అమ్మాయి ఆఫీసు నుంచి వస్తూనే "తిన్నదా?" అనేది. అల్లుడు వరంగల్ వైపు పల్లెలో పెరిగినవాడు, పామంటే ఆమడ దూరం పరిగెత్తేవాడు, అతనూ భోజనాల దగ్గర అదే అడిగేవాడు. నాకైతే ఒక పూట రెండో ముద్ద దిగలేదు. ఎలుక మాంసం దానికి నచ్చదేమో, కోడిపిల్ల పెడితేనో, ఒకసారి నోరు తెరిచి లోపల పెడితేనో అని నా బుర్రలో ఊహలు. బతికున్న ఎలుకను వదులుదామన్న ప్రస్తావన కూడా వచ్చింది. మనవడు ఒప్పుకోలేదు. తొట్టిలో మూలకు చిక్కిన ఎలుక ఊరుకోదు, కొరుకుతుంది. ఆకలి లేని పాము ఒంటి మీద గాయాలు చేసిన ఎలుకలు లెక్కలేనన్ని. ఎలుక పడే భయం సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఈ అన్ని ఊహల వెనుకా ఉన్నది పాము ఆకలి కాదని నాకప్పుడు తోచింది. దాని ఆకలి గురించి మాకేం తెలుసు? ఉన్నది మా ఆదుర్దా. అది నాలుగు మెతుకులు మింగితే మాకు ఊరట. ఆ ఊరట కోసం దాన్ని తొందరపెట్టబోతున్నాం.

నా పెళ్లయిన కొత్తలో తెనాలి దగ్గర అత్తవారి పల్లెకు కాపురానికి వెళ్లినప్పుడు వీధివీధంతా నన్ను చూడటానికి వచ్చింది. వచ్చినవాళ్లు వెళ్లలేదు. అంతమంది ముందు ఆకేసి కూర్చోబెట్టారు. ఇంకొంచెం పప్పు వెయ్యండి, నెయ్యి వెయ్యండి, పిల్ల బొత్తిగా తినడం లేదు, పుట్టింటి మీద బెంగ కాబోలు. ఒక్కో మాటకూ గొంతు ఇంకాస్త పూడుకుపోయేది. మామగారికి అక్కగారు ఒకావిడ ఉండేది, చిన్నతనంలోనే భర్త పోయి ఆ ఇంట్లోనే ఉండిపోయిన మనిషి, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేది కాదు. మర్నాడు మధ్యాహ్నం ఆవిడ వంటింటి వెనక వసారాలో పీట వాల్చి, అన్నం కంచం, మంచినీళ్ల చెంబు పెట్టి, "నేను దొడ్లోకి పోతున్నా, తలుపు దగ్గరగా వేస్తున్నా" అని వెళ్లిపోయింది. కడుపు నిండా తిన్నాను. తిన్నావా అని ఆవిడ ఆ తర్వాత కూడా అడగలేదు. ఆ ఇంట్లో నేను మొదట కుదురుకున్నది ఆ వసారాలోనే.

రాజు వచ్చిన కొద్ది వారాలకే నాగుల చవితి వచ్చింది. ఇంట్లో చలిమిడి, చిమ్మిలి చేసి, అరోరాలోని వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్లొచ్చాం. పుట్టలో పాలు పోసిన చేతులు నావి, ఆ చేతుల మీద నాకేమీ అలక లేదు. ఏడాదికోసారి, కరిచి చంపగల ప్రాణి గడప దగ్గరికి వెళ్లి దండం పెట్టి రావడం చిన్న సంస్కారం కాదు. అయితే పాము పాలు తాగదు. పాలిచ్చి పెంచే జాతి కాదది, పాలు అరిగించుకునే ఏర్పాటు దాని పొట్టలో లేదు. పండగనాడు పాములవాడి బుట్టలోని నాగుపాము పాలు తాగుతుంది కదా అంటే, అది తాగేది దాహానికి. పండగకు ముందు రోజుల తరబడి నీళ్లు లేకుండా ఉంచితే ఏ ద్రవం చూపినా తాగుతుంది. కోరలు పీకి, కొన్నిటికి మూతి కుట్టేసి తెస్తారు. హైదరాబాద్‌లో 1995 నుంచి పనిచేస్తున్న ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లు నాగపంచమి రోజుల్లో అటవీశాఖతో కలిసి అలాంటి పాముల్ని విడిపిస్తుంటారు. నోట్లో పుళ్లతో, ఊపిరితిత్తుల్లోకి పాలు పోయి బతకనివి వాటిలో ఉంటాయి. పెట్టేవాళ్ల తృప్తి కోసం తినిపించడం ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు తెలియదు. అక్కడ ప్రతివాళ్లూ భక్తితోనే వచ్చారు మరి.

రాజు పుట్టింటి వైపు మరో ఆచారం ఉంది. బెనిన్ సముద్రతీరంలోని ఉయిదా పట్టణంలో, పెద్ద క్రైస్తవ దేవాలయానికి ఎదురుగా, పాముల గుడి ఒకటి ఉంది. అందులో ఉండేవి ఇదే జాతి పైథాన్లు, పదుల సంఖ్యలో. అక్కడి వోడున్ మతస్థులకు అవి పూజ్యం. వాటికి ఎవరూ పాలు పొయ్యరు. రాత్రి వదిలేస్తారు. అవి ఊళ్లో తిరిగి తమ ఎలుకల్ని తామే వెతుక్కుంటాయి. ఎవరింట్లోకైనా దూరితే ఆ ఇంటివాళ్లు అతిథి వచ్చిందని మర్యాద చేసి, మళ్లీ గుడికి చేరుస్తారు. ఆకలి సంగతి దానికే వదిలేసిన పూజ అది. మా చెరువుగట్టు పుట్ట దగ్గర కూడా నిజానికి జరగాల్సింది అదే అనిపిస్తుంది నాకు. దండం పెట్టి, పుట్టను తవ్వకుండా ఉంటే చాలు, చుట్టుపక్కల పొలాల్లో ఎలుకలకు కొదవా?

ఇలా అంటున్నాను గానీ, తొట్టిలోని పాముకు ఊరు తిరిగే వీలు లేదు కదా. ఇక్కడ నా మనసు పూర్తిగా ఒప్పుకోని సంగతి ఒకటుంది. ఈ జాతిని ఆఫ్రికా నుంచి దశాబ్దాలుగా పెద్ద ఎత్తున పట్టి ఎగుమతి చేశారు, ఇప్పుడు అడవిలో వాటి పరిస్థితి ప్రమాదానికి చేరువలో ఉందని అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ లెక్కగట్టింది. మనవడు తెచ్చింది అమెరికాలోనే పొదిగిన పిల్ల. అడవి నుంచి పట్టి తెచ్చినవి పిడుదులతో, ఇతర పరాన్నజీవులతో వస్తాయి, తిండికి కుదురుకోవడం మరీ కష్టం. తొట్టిలో పుట్టినది తొట్టికి అలవాటు పడిందన్న మాట నిజమే. అయినా చీకటి, వెచ్చదనం, బొరియ అడిగే ఆ ఒళ్లు మాత్రం గడ్డిమైదానానిదే. పెంచకుండా ఉంటే మంచిదా అని నన్నడిగితే, మంచిదే అంటాను. తెచ్చేశాక అడిగితే మాత్రం, దాని ఒంటికి తెలిసిన ఆ మైదానాన్ని చేతనైనంత ఆ నాలుగు గాజు పలకల మధ్యకు తీసుకురావాలంటాను. ఆ పని చేసేవాడికి ఓర్పు కావాలి. నా మనవడికి అదుందని నాకప్పటిదాకా తెలియదు.

వాడు చేసిందేమిటంటే, తిండి మాట పక్కనపెట్టి మిగతావన్నీ చూడటం. అమ్మిన మనిషికి ఫోన్ చేసి, అక్కడ ఏం పెట్టేవారు, చుంచులా ఎలుకలా, బతికినవా గడ్డకట్టినవా, ఆఖరిసారి ఎప్పుడు తిన్నదని అడిగాడు. కొనేటప్పుడే అడిగి రాసుకోవాల్సిన ప్రశ్నలవి. తెలిసిందేమిటంటే, అక్కడ పెట్టింది చుంచుపిల్లలు. చుంచు వాసన ఎరిగిన దానికి ఎలుక వాసన కొత్త. గాజు మీద అతికించిన థర్మామీటరు 32 చూపిస్తోంది, కానీ అది గాలి వేడి. తుపాకీలా పట్టుకుని మీట నొక్కే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు తెప్పించి గూటి లోపల నేల వేడి చూస్తే 28 కూడా లేదు. పాము పడుకునేది గాజు మీద కాదు, నేల మీద. ఆ పరికరంతో ఇప్పుడు మా అమ్మాయి దోసె పెనం కాగిందో లేదో చూస్తోంది, అది వేరే సంగతి. షికాగోలో నవంబరు వచ్చేసరికి ఇళ్లలో హీటర్లు మొదలై గాలి ఎండిపోతుంది. మన చర్మమే పొలుసులు లేస్తుంది. పాముకు తేమ అరవై శాతానికి తగ్గకూడదు. అడుగున కొబ్బరిపీచు పరిచి, ఒక మూల నీళ్లు పోసి, పైన జాలీ మూతను సగం కప్పేశాడు.

ఇవన్నీ చేసి, వారానికోసారి కాటా మీద తూచి గ్రాముల్లో రాసిపెట్టాడు. అదొక్కటే ముట్టుకోవడం. బరువు నిలకడగా ఉన్నంత కాలం, ఒళ్లు గట్టిగా, కళ్లు తేటగా, నాలుక చురుగ్గా ఉన్నంత కాలం తినకపోవడం జబ్బు కాదు. నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నా, గురగుర శబ్దం వస్తున్నా, ముక్కు దగ్గర నురుగు కనిపించినా, పొలుసుల కింద నల్లటి పురుగులు కదిలినా, బరువు పదోవంతు దాకా పడిపోయినా అప్పుడు సరీసృపాలు తెలిసిన డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. బలవంతంగా నోట్లో పెట్టడం అనుభవజ్ఞుల చేతుల్లో, గత్యంతరం లేనప్పుడు చేసే పని. దానివల్ల పాముకు తిండి అంటేనే హడలు పుట్టవచ్చు.

వాడి పుస్తకాల్లోంచి నాకు చదివి వినిపించిన ఒక సంగతి నా ఆదుర్దాను చాలావరకు తీసేసింది. ఈ జాతికి దగ్గరి బంధువైన బర్మీస్ పైథాన్ మీద స్టీఫెన్ సెకోర్, జారెడ్ డైమండ్ అనే శాస్త్రజ్ఞులు 1990ల్లో పరిశోధన చేశారు. తిండి లేని రోజుల్లో ఆ పాము పేగులు, కాలేయం, మూత్రపిండాలు కుంచించుకుపోతాయి. వాడకంలో లేని దీపాలార్పేసిన ఇల్లులాగా. ఒకసారి మింగగానే అన్నీ మళ్లీ పెరుగుతాయి, ఒంట్లో శక్తి ఖర్చు ఎన్నో రెట్లు పైకి లేస్తుంది. 2005లో వచ్చిన మరో పరిశోధనలో, తిన్న రెండు రోజుల్లో దాని గుండె కండరం 40 శాతం పెరిగిందని తేలింది. అంటే ఒక్క భోజనం దానికి ఒంట్లో అంతటా జరిగే పెద్ద పని. ఆ పనికి ఎప్పుడు పూనుకోవాలో అదే నిర్ణయించుకోవాలి. మూడు పూటలా తినే మనం దాని ఉపవాసాన్ని మన ఉపవాసంతో కొలుస్తున్నాం. ఏకాదశినాడు సాయంత్రానికే నీరసించే నేను ఆ కొలమానం పట్టుకుని దాని కోసం బెంగపడటం నాకే నవ్వొచ్చింది.

చివరకు ఒక రాత్రి వెచ్చబెట్టిన చుంచుపిల్లను పటకారుతో ఆడించకుండా గూటి గుమ్మం దగ్గర పెట్టేసి, దీపం ఆర్పి, తలుపు వేసి వచ్చేశాడు. పొద్దున చూస్తే చుంచు లేదు. రాజు వెచ్చని గూట్లో ఉంది, నడుము దగ్గర చిన్న ఉబ్బు. ఎవరూ చూడలేదు. అది ఎలా పట్టుకుంది, ఎలా చుట్టింది, తల వైపు నుంచి ఎంతసేపు మింగింది, ఏదీ ఎవరికీ తెలియదు. ఇంట్లో అందరికీ సంతోషమే గానీ మా అమ్మాయి ముఖంలో కాస్త వెలితి. ఇన్నాళ్లు ఎదురుచూసిన దృశ్యం జరిగిపోయింది, తను లేదు. నాకు మాత్రం ఆ వసారా తలుపు గుర్తొచ్చి మనసు నిండింది.

తిన్నాక రెండు రోజులు ముట్టుకోకూడదు. ఆ రెండు రోజులూ అయ్యాక మనవడు, తూచడానికి కాకుండా, మొదటిసారి చేతుల్లోకి తీసుకున్నాడు, పది నిమిషాలు. పై నుంచి పట్టుకోలేదు, పక్క నుంచి కింద చెయ్యి పోనిచ్చి ఎత్తాడు. పై నుంచి వచ్చే చెయ్యి దానికి గద్ద. నెమ్మదిగా వాడి మణికట్టు చుట్టూ తిరిగింది. "నిన్ను గుర్తుపడుతుందా?" అని అడిగాను. "వాసన తెలుస్తుందేమో అమ్మమ్మా. ప్రేమ లాంటిదైతే ఉండదు. నా చెయ్యి ఒక కొమ్మ దానికి, కదిలే కొమ్మ." ఆ మాట వాడు ఏ బాధా లేకుండా అన్నాడు. మనం పెంచేవాటిలో చాలావరకు తిరిగి ఏదో ఒకటి ఇస్తాయి. కుక్క తోకాడిస్తుంది, ఆవు పాలిస్తుంది, పిల్లలు పెద్దయ్యాక ఫోన్ చేస్తారు. ఈ ప్రాణి దగ్గర ఏమీ రాదు. అది నిశ్చింతగా ఉందన్న సంగతి ఒక్కటే మనకు దక్కేది, అదీ చెప్పదు, చుట్టలు వదులుగా ఉన్నాయా బిగుసుకుని ఉన్నాయా చూసి మనమే పోల్చుకోవాలి. ఏ ప్రతిఫలమూ ఆశించని సేవ అని ప్రవచనాల్లో విన్నాను. పదహారేళ్ల కుర్రాడు నీళ్ల గిన్నె కడుగుతుంటే చూశాను.

ఆ తర్వాత మరికొన్నిసార్లు తిన్నది. జనవరిలో కళ్లు నీలంగా మబ్బుకమ్మాయి. కుబుసం విడిచేముందు అంతే, పాతచర్మానికీ కొత్తచర్మానికీ మధ్య ద్రవం చేరి కళ్ల మీది పొర కూడా మసకబారుతుంది. ఆ రోజుల్లో సరిగా కనిపించదు కనుక చిరాకుగా దాక్కుంటుంది, తినదు. తేమ సరిపోతే కుబుసం మూతి నుంచి తోకదాకా ఒకే తొడుగుగా ఊడివస్తుంది. గాలి పొడిగా ఉంటే ముక్కలుముక్కలుగా అతుక్కుపోయి తోక చివర రక్తప్రసారం ఆగే ప్రమాదం ఉంది. రాజు కుబుసం నిండుగా వచ్చింది, కళ్ల మీది పొరలతో సహా. మనవడు దాన్ని పుస్తకంలో దాచుకున్నాడు. నేను ఇండియాకు బయల్దేరే నాటికి మళ్లీ తిండి మానేసింది. చలికాలంలో ఈ జాతి పాములు నెలల తరబడి తినకపోవడం మామూలేనట, పెద్దవైతే మరీ. ఈసారి భోజనాల దగ్గర ఆ ప్రస్తావన రాలేదు. కాటా మీద అంకె చూసి ఎవరి పనిలో వాళ్లు పడ్డారు.

వాళ్లను ఇప్పుడు ఆలోచింపజేస్తున్నది తిండి కాదు, ఆయుష్షు. ఇళ్లలో పెరిగే బాల్ పైథాన్లు సులువుగా ఇరవై ముప్పై ఏళ్లు బతుకుతాయి. షికాగోకు అయిదు గంటల కారు ప్రయాణంలో ఉన్న సెయింట్ లూయిస్ జూకు 1961లో ఎవరో ఈ జాతి ఆడ పామునొకదాన్ని ఇచ్చి వెళ్లారు. 2020 జులైలో, అరవై ఏళ్లు దాటిన వయసులో, పదిహేనేళ్లకు పైగా మగపాము ముఖం చూడకుండానే ఏడు గుడ్లు పెట్టి ఆ జూ వాళ్లనే ఆశ్చర్యపరిచింది. రాజు అంత కాలం బతికితే నా మనవడికి మనవలు పుట్టే వయసు వస్తుంది. అంతదాకా ఎందుకు, వాడు కాలేజీకి వెళ్లడానికే ఇంక ఎంతో వ్యవధి లేదు, అక్కడి హాస్టళ్లలో పాముల్ని రానివ్వరు. కొన్నప్పటి షరతుల్లో ఈ సంగతి రాసుకోవడం అందరూ మర్చిపోయారు. విమానం ఎక్కించడానికి వచ్చినప్పుడు అల్లుడు నాతో మెల్లగా అన్నాడు, "తలుపు తీసి నీళ్ల గిన్నె మార్చడం దాకా నేను చూసుకుంటానులెండి అత్తయ్యగారూ, ఆ ఎలుకల సంగతి మాత్రం వాడే వచ్చి చూసుకోవాలి." దాంతో ఆ ఇంట్లో కొత్త షరతు ఒకటి పుట్టింది. శని, ఆదివారాల్లో ఇంటికి వచ్చేంత దగ్గర్లోనే వాడు కాలేజీ సీటు తెచ్చుకోవాలి.